ఇంట్ పోయి ఈనమ్ వచ్చినప్పుడు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సర్వర్ లైబ్రరీని కొత్త వెర్షన్‌కు మార్చగానే నీ ప్రోగ్రామ్ కంపైల్ కాలేదని, అంటే కోడ్ యంత్రం నడపగల రూపంలోకి మారలేదని, నీ కోడ్‌లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోకపోయినా తెర నిండా తప్పులే వచ్చాయని రాశావు. చివర్లో "ఉచితంగా ఇస్తున్నారని వాళ్లు ఏం చేసినా భరించాలా?" అని అడిగావు. దానికి ఫోనులో జవాబు చెబితే ఇద్దరం తొందరపడతామనిపించి, కూర్చుని రాస్తున్నాను.

ముందు ఏం మారిందో చూడు. నువ్వు వాడుతున్న లిబ్‌మైక్రోహెచ్‌టీటీపీడీ, సీ భాషలో రాసిన ఏ ప్రోగ్రామ్‌లోనైనా చిన్న వెబ్ సర్వర్‌ను ఇమడ్చడానికి పనికొచ్చే జీఎన్‌యూ లైబ్రరీ. బ్రౌజర్ నుంచి అభ్యర్థన రాగానే నువ్వు రాసిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ అవుననో కాదనో జవాబివ్వాలి. అవునుకు విలువ 1, కాదుకు 0. 2020 దాకా ఆ జవాబు మామూలు ఇంట్, అంటే ఏ పూర్ణసంఖ్యైనా పట్టే రకం. ఆ ఏడాది వచ్చిన 0.9.71లో దాన్ని ఎంహెచ్‌డీ రిజల్ట్ అనే ఈనమ్‌గా, అంటే విలువలకు పేర్లు పెట్టిన రకంగా, మార్చారు. విలువలు మాత్రం అవే. నీ ఫంక్షన్ ఇంట్ ఇస్తానంటోంది, లైబ్రరీ ఈనమ్ కావాలంటోంది. తగువంతా అక్కడే ఉంది. సీ++ ఇలాంటి తేడాను మొదటి నుంచీ ఒప్పుకోదు. సీ కంపైలర్లు చాలాకాలం హెచ్చరికతో సరిపెట్టాయి. 2024లో వచ్చిన జీసీసీ 14 కంపైలర్ మాత్రం, రకాలు పొసగని పాయింటర్లను (నువ్వు లైబ్రరీకి ఇచ్చే ఫంక్షన్ చిరునామా లాంటివాటిని) సీలో కూడా తప్పుగానే లెక్కగడుతోంది. కాబట్టి లైబ్రరీతో పాటు నీ కంపైలర్ కూడా మారిందేమో ఒకసారి చూసుకో.

"ఆ మాత్రం పేరు మార్పు కోసం ఇంతమంది ప్రోగ్రాములు ఆపాలా?" అని నీకు అనిపిస్తుంది. నాకు జరిగినది నీకెప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను.

నువ్వు బడికి వెళ్లే రోజుల్లో, ఒక పరికరానికి సెట్టింగుల పేజీని ఇదే లైబ్రరీతో రాస్తున్నాను. ఏళ్ల తరబడి సీ రాసిన చేతికి ఒక అలవాటు ఉంటుంది. పని సవ్యంగా జరిగితే ఫంక్షన్ 0 తిరిగి ఇవ్వాలి, ఏదైనా చెడితే ఇంకో సంఖ్య ఇవ్వాలి. నేను పేజీ తయారుచేశాను, జవాబును పంపాల్సిన వరుసలో పెట్టాను, చివర రిటర్న్ 0 అని రాశాను. ఈ లైబ్రరీకి ఆ 0 అంటే కాదు. కాదంటే, పెద్ద పొరపాటు జరిగింది, కనెక్షన్ తెంచెయ్యి అని అర్థం. అది తెంచేసింది. బ్రౌజర్ సర్వర్ నుంచి ఏమీ రాలేదంటుంది. నా లాగ్ చూస్తే పేజీ తయారైందని ఉంటుంది. కంపైలర్ నోరు మెదపలేదు. లైబ్రరీ అడిగింది ఇంట్, నేనిచ్చింది ఇంట్. రెండు రోజులు మెమరీని అనుమానించాను, కేబుల్‌ను అనుమానించాను. ఆఖరికి ప్యాకెట్లను పట్టి ఒక్కొక్కటే చూస్తే, కనెక్షన్‌ను మూస్తున్నది మా వైపేనని తేలింది. అప్పుడుగానీ ఆ చివరి లైను మీద నా కన్ను పడలేదు.

ఈనమ్ ఉండి ఉంటే ఈ తప్పు అసలు జరగదని చెప్పను. సీ కంపైలర్ ఈనమ్ అడిగిన చోట ఉత్త 0 ఇచ్చినా ఊరుకుంటుంది. సీ++ అయితే ఆపుతుంది. కానీ ఫంక్షన్ మొదలుపెడుతూనే ఎంహెచ్‌డీ రిజల్ట్ అని రాయాల్సి వస్తే, అదే ఫంక్షన్ చివర 0 రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆ విలువలకు ఏ పేర్లు ఉన్నాయో చూసి ఉండేదాన్ని. అందుకే ఆ మార్పు వచ్చినప్పుడు, నా పాత కోడ్ అంతా దిద్దుకోవాల్సి వచ్చినా, మంచి పని చేశారనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

దిద్దుబాటు చిన్నదే. ఒక హెడర్ ఫైల్‌లో నీ సొంత పేరుతో ఒక రకం పెట్టుకో. లైబ్రరీ వెర్షన్ సంఖ్యను బట్టి పాతదైతే అది ఇంట్ అవుతుంది, కొత్తదైతే ఈనమ్ అవుతుంది. ఫంక్షన్లన్నిటిలో ఆ పేరే వాడు. చాలా ప్రాజెక్టులు ఇలాగే గట్టెక్కాయి.

పాత వెర్షన్‌లోనే ఉండిపోతానన్నావు, అది మాత్రం వద్దు. ఫారం ద్వారా ఫైళ్లు పంపేటప్పుడు ఒక భాగాన్ని ఇంకో భాగం నుంచి వేరుచేయడానికి బౌండరీ అనే గుర్తును అభ్యర్థన హెడర్‌లో, అంటే దాని మొదట్లో వచ్చే సమాచార లైన్లలో, ముందే చెబుతారు కదా, దాన్ని చదివే చోట ఈ లైబ్రరీలో ఒక లోపం ఉండేది. కావాలని తయారుచేసిన అభ్యర్థనతో ఎవరైనా దూరం నుంచే సర్వర్‌ను కూల్చగలిగేవారు. 2023లో వచ్చిన 0.9.76 దాన్ని సరిచేసింది. నీ ప్రోగ్రామ్ ఫారాలు తీసుకుంటుంది. ఒక ఈనమ్ మీద కోపంతో ఆ తలుపు తెరిచి ఉంచుతావా?

ఇక నువ్వు వాళ్లకు పంపాలనుకుంటున్న మార్పు సంగతి. నాకు అసలు చెప్పాలనిపించింది దీని గురించే. కదలిక లేని కనెక్షన్‌ను ఎంతసేపటికి మూసేయాలో చెప్పే గడువు ఎవరూ పెట్టకపోతే ఇప్పుడది సున్నా, అంటే గడువే లేదు. దాన్ని 30 సెకన్లు చేస్తే, ముగియని అభ్యర్థనలతో సర్వర్ కనెక్షన్లను ఆక్రమించే స్లోలోరిస్ లాంటి దాడులు ఆగుతాయన్నావు. ఒక్క లైను మార్పు, అన్ని ప్రోగ్రాములూ ఎప్పటిలాగే కంపైల్ అవుతాయి, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నావు. ఇల్లు అలకగానే పండగ కాదు తల్లీ. కనెక్షన్‌ను సస్పెండ్ చేయకుండా, అంటే తాత్కాలికంగా పక్కన పెట్టమని లైబ్రరీకి చెప్పకుండా, తెరిచే ఉంచి, నిమిషాల తరబడి మౌనంగా ఉండి, చెప్పాల్సింది ఉన్నప్పుడు మాత్రమే ఒక లైను పంపే ప్రోగ్రాములు ఉంటాయి. నీ మార్పు తర్వాత అవి చక్కగా కంపైల్ అవుతాయి, చక్కగా మొదలవుతాయి, అరనిమిషం మౌనం కాగానే తెగిపోతాయి. రాసినవాళ్లు ఆ సమయంలో కంప్యూటర్ ముందు ఉండరు. తెగినప్పుడు లైబ్రరీని అనుమానించరు, నాలాగే కేబుల్ దగ్గర మొదలుపెడతారు. నిన్ను విసిగించిన ఈనమ్ మార్పు కంపైల్ చేస్తుండగానే, ఫలానా ఫైల్‌లో ఫలానా లైను అని వేలుపెట్టి చూపించింది. నీది చూపించదు.

పైగా ఆ గడువు లెక్కపెట్టేది కదలిక లేని సమయాన్ని. 2009లో బయటికొచ్చిన స్లోలోరిస్ పూర్తిగా మౌనంగా ఉండదు. అభ్యర్థనను ముగించకుండా, ఉండి ఉండి ఒక్కో హెడర్ లైను పంపుతూ ఉంటుంది. లైను వచ్చిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. దాన్ని నిలువరించాలంటే హెడర్లన్నీ వచ్చి తీరాల్సిన మొత్తం సమయానికి ఒక హద్దు కావాలి. అది వేరే ఆప్షన్. అడిగినవాళ్లకే వర్తించేలా పెడితే పాతవాళ్లెవరికీ ఏమీ తెగదు. నీకు ఓపిక ఉంటే అది రాయి. కష్టమైన పనే, కానీ నువ్వు చేయగలవు, నాకు నమ్మకముంది.

రాసేటప్పుడు, టెస్టులో ఒక క్లయింట్ ఐదు సెకన్లకు ఒక్క బైటు చొప్పున పంపేలా చూడు. హద్దు దాటాక కనెక్షన్ తెగాలి, ఆప్షన్ పెట్టనప్పుడు తెగకూడదు. రెండూ పరీక్షించు. మార్పులను నమోదు చేసే చేంజ్‌లాగ్‌లో ఏం చేశావో ఒక లైనులో రాయి, ఎందుకు చేశావో నాలుగు లైన్లలో రాయి. ఆ నాలుగు లైన్లు వాళ్లకు పంపకముందు నాకు పంపు. కోడ్ చూడమన్నా చూస్తాను గానీ, ముందు అవి చదవాలని ఉంది.

ప్రేమతో,
అమ్మ