ఆ క్యాబేజీ ఫొటో 1896 నాటిది కాదు

సంపాదకులకు నమస్కారం.

తొలి మహిళా దర్శకుల మీద వ్యాసం వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ఒకే ఫొటో పడుతోంది. పెద్ద పెద్ద క్యాబేజీల చాటు నుంచి ఒక దేవకన్య పసిబిడ్డను పైకి తీస్తుంటుంది. కింద ఫ్రెంచ్ దర్శకురాలి పేరుతో 'ఆలిస్ గీ తొలి చిత్రం, 1896' అని రాస్తారు. ఆ ఏడాది తప్పు. ఇంటర్నెట్‌లో అందరూ చూస్తున్న ఆ నిమిషం నిడివి చిత్రం 1900లో 35 మి.మీ. ఫిల్మ్ మీద తీసింది. 1896లో ఆమె పనిచేసిన ఫ్రెంచ్ సినిమా కంపెనీ గోమో కెమెరాకు వాడిన ఫిల్మ్ వెడల్పు 60 మి.మీ. ఆ ఏడాదే తీశానని ఆమె జ్ఞాపకాల్లో చెప్పుకున్నారు గానీ, ఆ ప్రతి ఇప్పుడు దొరకడం లేదు. పైగా 1902లో అదే ఊహను కాస్త పెంచి మళ్లీ తీశారు. తేడా పట్టడం తేలికే: దేవకన్య ఒక్కతే ఉంటే 1900ది, బిడ్డ కోసం వచ్చిన ఆలుమగలు కూడా కనిపిస్తే 1902ది.

ఏడాది దిద్దితే ఆమె స్థాయి తగ్గుతుందనుకోనక్కర్లేదు. 'మొదటి మహిళ' అన్న బిరుదు దగ్గరే మనం ఆగిపోతున్నాం, అదీ అసలు బాధ. టాకీలు రావడానికి పాతికేళ్ల ముందే ఆమె పాటల చిత్రాలు తీశారు. 1902 నుంచి 1906 దాకా బొమ్మకు గ్రామఫోన్ పాటను జతచేసే గోమో వారి యంత్రం క్రోనోఫోన్ కోసం తీసినవే వందకు పైగా ఉన్నాయి.

ఆ పద్ధతి మనవాళ్లకు బాగా తెలిసిందే. అప్పటికి మైకు లేదు. గాయకుడు గరాటులాంటి రికార్డింగ్ హారన్‌కు నోరు ఆనించినంత దగ్గరగా నిలబడి పాడాలి, దూరం జరిగితే రికార్డు మైనం మీద ధ్వని గీత పడదు. హారన్ ఫ్రేములోకి వస్తుంది కాబట్టి పాటను ముందే రికార్డు చేసి, సెట్లో గ్రామఫోన్ మీద వేసి, నటుల చేత పెదవులు కలిపించేవారు. నాగ్రా టేప్ రికార్డర్‌లో పాట వేసి షాట్ తీసిన మన సాంకేతికులు చేసిందీ ఇదే. హాల్లో గ్రామఫోన్ తెర దగ్గర ఉండేది, ప్రొజెక్టర్ ఏమో హాలు వెనక ఉండేది. రెంటి మోటార్లను కరెంటు తీగలతో కలిపి, వేగం తప్పితే ఆపరేటర్ సరిచేసేవాడు. ఫిల్మ్ తెగితేనే పెద్ద చిక్కు. సెకనుకు దాదాపు 16 ఫ్రేములు. అతికించేటప్పుడు 16 ఫ్రేములు పోయాయంటే బొమ్మ ఒక సెకను ముందుకు పోతుంది. రికార్డును అలా కత్తిరించలేం కదా! నటుడు నోరు మూసేశాక కూడా పాట వినిపిస్తూనే ఉంటుంది.

1906లో 25 దృశ్యాలతో, సుమారు 300 మంది జూనియర్ ఆర్టిస్టులతో ఆమె తీసిన క్రీస్తు చిత్రాన్ని చాలాకాలం సహాయకుడు విక్టోరిన్ జాసే ఖాతాలో వేశారు. 1910లో అమెరికాలో సొలాక్స్ కంపెనీ పెట్టి, 1912కల్లా న్యూజెర్సీలోని ఫోర్ట్ లీలో లక్ష డాలర్లకు పైగా పోసి సొంత స్టూడియో కట్టారు. 'సహజంగా ఉండండి' అని నటులకు కనిపించేలా అక్కడ బోర్డు పెట్టించారు. 1920 తర్వాత దర్శకత్వం చేసే అవకాశం రాలేదు. 1927లో తన సినిమాలు వెతుక్కోవడానికి ఫ్రాన్స్ నుంచి మళ్లీ అమెరికా వెళ్తే ఒక్కటీ దొరకలేదు. 1968లో న్యూజెర్సీలోనే కన్నుమూశారు. సమాధి అక్కడి మహ్వా ఊళ్లో ఉంది, ఆ రాష్ట్రంలో ఉన్న తెలుగువాళ్లు కారులో వెళ్లి చూసి రావచ్చు.

ఇకమీదట ఆ ఫొటో వేస్తే దయచేసి 1900 అని రాయండి. వీలైతే పక్కనే 1905 నాటి చిత్రంలోంచి ఒక ఫ్రేము కూడా వేయండి. పారిస్ స్టూడియోలో పెద్ద హారన్ల గ్రామఫోన్ పెట్టుకుని, పాటల చిత్రానికి దర్శకత్వం వహిస్తున్న ఆలిస్ గీ అందులో కనిపిస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ