పాత పికప్ డోర్ల తుప్పు పని: ఎక్కడ తప్పు చేశాం, ఇకమీదట ఎలా చేస్తాం

గత వానాకాలంలో, జూలై నుంచి అక్టోబరు దాకా, మా దగ్గర పికప్ డోర్ల కింది అంచు బాగుచేయించుకున్నవాళ్ళకు ముందుగా ఈ మాట. ఆ నాలుగు నెలల్లో మేం చేసిచ్చిన పదకొండు డోర్లలో నాలుగు తిరిగొచ్చాయి. నాలుగింటిదీ ఒకటే జబ్బు. కింది అంచుకు రెండు మూడు అంగుళాల పైన, పెయింటు మీద శనగగింజంత బుడగలు. గోటితో నొక్కితే లోపల తడి. తప్పు మాదే. మిగతా ఏడు డోర్లు పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా సరే తీసుకురండి. డోరు లోపలివైపు అట్ట ప్యాడ్ విప్పి చూసి, అవసరమైతే మళ్ళీ మొదటినుంచి చేస్తాం. పనికిగానీ పెయింటుకుగానీ పైసా తీసుకోం.

రెండో విషయం రోజులు, రేటు. టాటామొబైల్ 206, పాత మహీంద్రా పికప్‌ల లాంటి బళ్ళకు డోర్ల జత ఇకమీదట ఆరు రోజుల్లో అవదు, పన్నెండు పనిదినాలు పడుతుంది. డోరుకు 6,500 తీసుకునేవాళ్ళం, ఇప్పుడు 9,500. పైపెయింటు వేరు. ఇంత ఎందుకు పెరిగిందో కింద చెబుతున్నాం. చదివాక మీకు నచ్చితేనే బండి ఇవ్వండి.

బుడగలకు మూలం లప్పం, అంటే గుంతలు పూడ్చి రేకును చదును చేసే ముద్ద. పాలిస్టర్ లప్పంలో ఎక్కువ భాగం టాల్క్ పొడి, అది నీళ్ళు పీలుస్తుంది. లప్పాన్ని నీళ్ళ ఎమరీతో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్దితే ఆ తడి లోపలికి దిగుతుంది. మే నెలలో ఓ పూట ఎండలో పెడితే ఆరిపోతుంది. ఆగస్టులో విశాఖ గాలికి ఆరదు. పైకి పొడిగానే ఉందనిపిస్తుంది, ప్రైమరూ పెయింటూ కొట్టేస్తాం, తడి లోపలే ఉండిపోతుంది. బండి ఎండలో నిలబడిన మొదటి వేసవిలోనే అది ఆవిరై పెయింటును పైకి లేపుతుంది. దానికి తోడు రెండు డోర్లకు ఎచ్ ప్రైమర్ (ఖాళీ రేకును కొరికి పట్టుకునే తొలి పూత) మీద నేరుగా లప్పం పెట్టాం. ఎచ్ ప్రైమర్‌లో ఆమ్లం ఉంటుంది, దాని మీద లప్పం సరిగా గట్టిపడదు, రేకును పట్టుకోదు. ఆ రెండింటికీ లప్పం పెచ్చుగా ఊడొచ్చింది.

ఆ నాలుగింటిలో ఒక డోరును కింది అంచు పొడుగునా కోసి తెరిచాం. ఇందులో లప్పం కంటే పెద్ద లోపం బయటపడింది. అంచు మడతలో గోధుమరంగు పొరలు అప్పడాల దొంతరలా ఉబ్బి, మడతను రెండు మి.మీ. దాకా తెరిచేశాయి. దాని పైన వేలెడు మందాన మట్టి, ఊక, ఎండుటాకుల పొడి కలిసి ముద్దకట్టి ఉంది. బండికి మూడు రోజులుగా చుక్క నీరు తగల్లేదు, అయినా ఆ ముద్ద తడిగానే ఉంది. మేం బయటినుంచి అతికిన కొత్త రేకు ముక్క బాగానే ఉంది. దాని వెనక పాత తుప్పును మాత్రం ముట్టుకోలేదు.

డోరు కింది అంచు తుప్పు సాధారణంగా బయట మొదలవదు. అద్దం కింది రబ్బరు బీడింగు ఎంత కొత్తదైనా వాన నీళ్ళు అద్దం వెంట డోరు లోపలికి దిగుతాయి. కంపెనీవాళ్ళకూ ఆ సంగతి తెలుసు, అందుకే డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు పెడతారు. మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్ళు అడుగున నిలుస్తాయి. బయటి రేకును లోపలి ఫ్రేము మీదికి మడిచిన చోటు సన్నటి సందు కాబట్టి నీళ్ళను లాక్కుంటుంది. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎన్నో రెట్లు చోటు కావాలి, ఆ బలానికే మడత విచ్చుకుంటుంది. బయట పెయింటు మీద మచ్చ కనిపించేసరికి లోపల సగం రేకు పోయినట్టే. సముద్రపు గాలి తగిలే బండికి ఉప్పు తోడవుతుంది కాబట్టి ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక కొత్త పద్ధతి. బండి రాగానే డోరు విప్పం. ముందు డోరును సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూస్తాం. ఆడితే హింజ్ (కీలు) పిన్నులు, బుష్‌లు అరిగాయన్నమాట, అవి ముందు మార్చాలి. వేలాడే డోరుకు కొత్త అంచు కట్టి, ఆ తర్వాత పిన్నులు మారిస్తే డోరు పైకి లేచి సందులన్నీ తప్పుతాయి. పిన్నులు సరయ్యాక డోరు చుట్టూ ఎనిమిది చోట్ల సందు కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసుకుంటాం. తర్వాతే అద్దం, వైండర్ మిషను, లాకు, గ్లాస్ ఛానల్ బయటికొస్తాయి.

తుప్పు ఎంతవరకుందో కంటితో తేల్చం. అయస్కాంతం పెడితే పాత లప్పం ఎక్కడుందో తెలుస్తుంది, సూదిమొన పోటుతో లోపలినుంచి పొడిస్తే రేకు బలం తెలుస్తుంది. పోటు దిగిన ఆఖరి చోటునుంచి ఇంకో అంగుళంన్నర పైకి గీత గీసి అక్కడ కోస్తాం. మామూలుగా ఇది అడుగునుంచి నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు ఉంటుంది. వీలైతే గీతను డోరు రేకులో కంపెనీవాళ్ళు నొక్కి తీసిన గీతకు దగ్గరగా తీసుకెళ్తాం. చదును రేకు మధ్యలో వెల్డింగ్ పడితే రేకు డబ్బా మూతలా లోపలికీ బయటికీ టక్కుమంటుంది, నొక్కు దగ్గర ఆ బాధ తక్కువ.

లోపలి ఫ్రేమూ బయటి రేకూ ఒకేసారి కోయం. రెండూ పోతే డోరుకు ఆకారం పట్టి ఉంచేది ఏమీ మిగలదు, మెలి తిరుగుతుంది. ముందు బయటి రేకు కింది పట్టీ తీసి, ఫ్రేము అడుగు బాగుచేసి, డోరును బండికి బిగించి సందులు చూసుకుని, అప్పుడు కొత్త రేకు కడతాం. రోజులు పెరగడానికి ఇదే పెద్ద కారణం. డోరు మూడుసార్లు ఎక్కి దిగుతుంది.

వాడే రేకు 0.9 మి.మీ. సీఆర్‌సీఏ, అంటే జింకు పూత లేని మెత్తటి ఉక్కు రేకు. "జీఐ రేకు వెయ్యొచ్చు కదా, తుప్పు పట్టదు" అని చాలామంది అడుగుతారు. జీఐ రేకు మీది జింకు పూత వెల్డింగ్ వేడికి కాలి పొగవుతుంది. ఆ పొగ మా కుర్రాళ్ళకు జ్వరం తెప్పిస్తుంది, వెల్డులో బుడగలు పడతాయి. పైగా అతుకు దగ్గర జింకు ఎలాగూ మిగలదు, కాబట్టి అసలు కావాల్సిన చోట లాభం లేదు.

అతుకు ఎప్పుడూ అంచుకు అంచే. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కించి అతికితే పని సులువే, మేమూ గతంలో అలా చేసినవాళ్ళమే. కానీ ఆ రెండు రేకుల మధ్య సందు మళ్ళీ నీళ్ళు నిలిచే మడతే అవుతుంది. ఇప్పుడు రెండు అంచుల మధ్య వైరు మందమంత ఖాళీ ఉంచుతాం. మిగ్ మిషను (వైరు దానంతటదే వచ్చే కరెంటు వెల్డింగ్), 0.8 మి.మీ. వైరు, ఆర్గాన్‌లో 20 శాతం సీఓటూ కలిపిన గ్యాసు. ఉత్త సీఓటూతో సన్న రేకుకు చిల్లులు పడతాయి, చిమ్మే రవ్వలు ఎక్కువ. గ్యాస్ వెల్డింగ్ డోరు రేకు మీద పూర్తిగా మానేశాం, ఆ వేడి పక్కకు పాకి అరచేతి వెడల్పున రేకును వంకరచేస్తుంది. ముందు 25 మి.మీ.కొక టాకా (చుక్క వెల్డు). తర్వాత ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి, ఇలా దూరదూరంగా నింపుకుంటూ పోవాలి. టాకా మీద చెయ్యి ఆన్చగలిగేదాకా పక్కన ఇంకోటి పడకూడదు. ఒక డోరు అతుకుకు సగం రోజు పడుతుంది. తొందరపడితే ఆ సగం రోజూ లప్పం రూపంలో మీ డోరు మీదికి ఎక్కుతుంది. వెల్డు చల్లారేటప్పుడు రేకు ముడుచుకుంటుంది కాబట్టి, గ్రైండ్ చేశాక వెనక డాలీ (ఇనుప దిమ్మ) ఆనించి గీత పొడుగునా చిన్న సుత్తితో కొట్టి మళ్ళీ సాగదీస్తాం.

కింది మడతకు 11 మి.మీ. అంచు వదులుతాం. మడవకముందే రెండు ముఖాలకూ ఎపాక్సీ ప్రైమర్ (రేకుకు తడి తగలనివ్వని పూత) కొట్టి ఆరనిస్తాం. ఈ ఒక్క పనీ గతంలో చేసి ఉంటే ఆ డోరు లోపల అప్పడాల దొంతర ఉండేది కాదు. మడత ఒక్కసారిగా రాదు. ముందు 90 డిగ్రీలకు నిలబెట్టి, తర్వాత డాలీ బయట ఆనించి మూడు దఫాలుగా కొట్టుకుంటూ రావాలి. ఒకేసారి మూస్తే బయటి అంచు అలలు తేలుతుంది. నీళ్ళ రంధ్రాలు కంపెనీ ఇచ్చినచోటే, ఇచ్చినన్నే. సీమ్ సీలర్ (సందులు మూసే జిగురు) మడత అంచుకే పూస్తాం, రంధ్రాల్లోకి పోకుండా వాటిలో చీపురుపుల్లలు గుచ్చి పెడతాం.

రస్ట్ కన్వర్టర్ (తుప్పు మీద కొట్టే మందు) గురించి ఒక మాట. కొట్టగానే తుప్పు నల్లబడుతుంది కాబట్టి పని అయిపోయిందనిపిస్తుంది. బయట కనిపించే పలచటి తుప్పుకు అది మంచిదే. మడతలోకి పోస్తే మాత్రం అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం కడగడానికి వీలుకాక అక్కడే ఉండి, పైన వేసిన ప్రైమర్‌ను పట్టనివ్వదు. మడతలో తుప్పుంటే కోయడమే, వేరే దారి లేదు.

పెయింటు వైపు మారినవి ఇవి. ఖాళీ రేకు మీద ముందు ఎపాక్సీ, డబ్బా మీద రాసిన గడువులోపు దాని మీద లప్పం. లప్పం 2 మి.మీ. దాటితే ఆపి మళ్ళీ సుత్తి పట్టాల్సిందే. రుద్దడం 80, 180, 320 నంబరు ఎమరీలతో, మొత్తం పొడిగానే. నీళ్ళ ఎమరీ లప్పం మీద ఫిల్లర్ ప్రైమర్ పడ్డాకే. ఇంకా, షాపులో తేమ మీటరు 85 శాతం దాటిన రోజు పెయింటు గన్ ముట్టుకోం. రేకు వేడి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీళ్ళుగా మారే వేడి) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ లేకపోతే కంటికి కనపడని చెమ్మ రేకు మీద ఉంటుంది, దాని మీద ఏం కొట్టినా దండగ. వానాకాలంలో ఇలాంటి రోజులు వరసగా వస్తాయి. అప్పుడు మీకు ఫోన్ చేసి ఆలస్యమని చెబుతాం. దయచేసి తొందరపెట్టకండి.

ప్యాడ్ బిగించకముందు డోరును బండికి ఎక్కించి అద్దం సందులోంచి లీటరు నీళ్ళు పోస్తాం. నిమిషంలో అన్నీ కిందినుంచి కారిపోవాలి. ఈ పరీక్ష మీరు ఎదురుగా ఉండి చూడండి. ఆ తర్వాత ఒక రోజు ఆరబెట్టి, పొడుగు నాజిల్‌తో కావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం) లోపలికి కొడతాం, డోరుకు సుమారు 200 మి.లీ. పడుతుంది. ఆ మైనం కారి రంధ్రాలు మూస్తే పుల్లతో తీసేస్తాం. ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చాలా బళ్ళకు ఎప్పుడో పోయింది, కొత్తది అతికిస్తాం. అది లేకపోతే నీళ్ళు క్యాబిన్‌లోకి వచ్చి ప్యాడ్ అట్ట ఉబ్బుతుంది.

టాటామొబైల్ కింది పట్టీ తయారుగా మాకు దొరకడం లేదు, మేమే వంచుకుంటున్నాం. హింజ్ బిగించే చోట ఫ్రేము పోయిన డోరును మాత్రం తీసుకోం. అది వెల్డింగ్‌తో నిలబడదు, పరుగులో ఊడే ప్రమాదముంది. అలాంటివాళ్ళు విజయవాడ ఆటోనగర్ స్క్రాపులో పాత డోరు వెతకడం నయం. కొనేటప్పుడు మెరుగు చూడకండి. హింజ్ బోల్టుల చుట్టూ పగుళ్ళు, కింది ముందు మూల, అంచు మడత ఈ మూడూ వేలితో తడిమి చూడండి. 50 ఏళ్ళు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలనుకునేవాళ్ళు ముందే చెప్పండి. 2021 నిబంధనల ప్రకారం బాడీ అసలు రూపంలోనే ఉండాలి కాబట్టి డోరు ఆకారంలో ఏ మార్పూ చేయం.

పని చేయించుకున్నవాళ్ళు నెలకోసారి నైలాన్ ట్యాగ్‌తో నీళ్ళ రంధ్రాలు పొడవండి. బీచ్ రోడ్డు వైపు తిరిగే బండైతే వారానికోసారి అద్దం సందులోంచి మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగేయండి. అండర్‌కోటింగ్ తారు డోరు లోపల కొట్టించకండి, అది ఎండి పగిలాక వెనక నీళ్ళు చేరతాయి.

బండి తెచ్చేముందు రెండు రోజులు కడగకండి, అద్దాలు పైకి ఎక్కించి తీసుకురండి. తెచ్చిన పూటే డోరు అడుగు తట్టి చూస్తాం. లోపల ముద్ద తడిగా ఉందో పొడిగా ఉందో బట్టి రంధ్రాలు ఎంతవరకు మూసుకుపోయాయో తెలుస్తుంది, అంచనా అప్పుడే రాసిస్తాం.