ఎన్ని విజిట్లో కాదు, ఎందరి పని పూర్తయిందో చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రజలకు సేవలందించే వెబ్‌సైట్ల గురించి మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక అంకె తప్పకుండా ఉంటుంది. నెలలో ఇన్ని లక్షల మంది చూశారని. ఆ అంకె పక్కన ఇంకో రెండు ముక్కలు కూడా వేయమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఆ లెక్క ఎలా తీశారు? వచ్చినవాళ్లలో ఎందరికి వచ్చిన పని పూర్తయింది?

నేను ఒక స్వచ్ఛంద రక్తదాతల సంస్థ వెబ్‌సైట్ చూసుకుంటాను. జీతానికి కాదు, ఇష్టం కొద్దీ. పొద్దున్నే అనలిటిక్స్ రిపోర్ట్, అంటే సైట్‌కు ఎందరు వచ్చారో, ఏం చేశారో లెక్కపెట్టే టూల్ ఇచ్చే రిపోర్ట్, తెరవడం చాలా ఏళ్లుగా అలవాటు. ఆ రిపోర్ట్‌ను గుడ్డిగా నమ్మి మేం చేసిన పొరపాటు ముందు చెబుతాను.

మా సైట్‌లో దాత పేరు నమోదు చేసుకోగానే ధన్యవాదాలు చెప్పే పేజీ ఒకటి వస్తుంది. ఆ పేజీ తెరుచుకున్న ప్రతిసారీ ఒక కన్వర్షన్ కింద, అంటే వచ్చిన మనిషి మేం కోరుకున్న పని పూర్తి చేసినట్టుగా, లెక్క వేసుకోమని టూల్‌కు చెప్పి పెట్టాం. చాలా సైట్లలో చేసేది ఇదే. ఒక ఏడాది ఆ అంకె బాగా పెరిగింది. సంబరపడి వార్షిక నివేదికలో వేసుకున్నాం. తర్వాత ఒకరోజు అత్యవసరంగా దాతలు కావాల్సి వచ్చి, మా వాలంటీర్ ఒకరు జాబితా ముందేసుకుని ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. కాసేపటికే నాకు ఫోన్ చేసి, "మీరు చెప్పినన్ని పేర్లు ఇందులో లేవండీ" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని చూశాను. దాత నమోదు నంబరు ఆ పేజీలోనే ఉంటుంది. అది పోతుందేమోనని చాలామంది ఆ ట్యాబ్ మూసేయకుండా ఫోన్‌లో అలాగే ఉంచుకుంటున్నారు. బ్రౌజర్ మళ్లీ తెరిచినప్పుడు ఆ పేజీ కొత్తగా లోడవుతోంది. టూల్ ఇంకో కన్వర్షన్ రాసుకుంటోంది. నా ఫోన్‌లో అదే పేజీ తెరిచి రీఫ్రెష్ నొక్కాను. పక్కనున్న కంప్యూటర్‌లో రియల్‌టైమ్ రిపోర్ట్ అంకె ఒకటి పెరిగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ పెరిగింది. ఒక్క మనిషి, ఒక్క పేరు, మూడు నమోదులు. రక్తం కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు ఆ మిగతా ఇద్దరు దాతలను ఎక్కడి నుంచి తెచ్చేది?

ఇప్పుడు పేరు మా డేటాబేస్‌లో చేరిన తర్వాతే సర్వర్ నుంచి లెక్క వెళ్లేలా మార్చుకున్నాం. ఒక సెషన్‌లో, అంటే ఒకసారి సైట్‌కు వచ్చి వెళ్లేలోపు, ఒక్కసారే లెక్కపెట్టే సెట్టింగ్ గూగుల్ వారి టూల్ గూగుల్ అనలిటిక్స్‌లో ఉంది. కానీ మర్నాడు ట్యాబ్ తెరిస్తే అది ఇంకో సెషన్ కాబట్టి మా చిక్కు దానితో తీరదు.

రెండో పొరపాటు ఇంతకన్నా ఎక్కువ బాధపెట్టింది. గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి వెర్షన్ జీఏ4లో 'ఎంగేజ్డ్ సెషన్' అని ఒక కొలత ఉంది. వచ్చినవాళ్లు 10 సెకన్లు దాటి ఉన్నా, రెండు పేజీలు చూసినా, ముఖ్యమైనదని మనం గుర్తుపెట్టిన పని చేసినా అది మంచి విజిట్ కింద లెక్క. మా నమోదు ఫారం పేజీకి ఆ శాతం ఎప్పుడూ బాగానే ఉండేది. జనం ఎక్కువసేపు ఉంటున్నారంటే శ్రద్ధగా చదివి నింపుతున్నారనుకున్నాం.

ఒకసారి తెలిసినాయన ఒకరు నా ఎదురుగానే ఆ ఫారం నింపారు. ఫోన్ నంబరు ముందు దేశం కోడ్ కూడా వేశారు. అడుగున బటన్ నొక్కారు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు. నంబరు సరిగా లేదని చెప్పే ఎర్ర అక్షరాల మెసేజ్ ఫారం పైభాగంలో వచ్చింది. ఆయన కళ్లు అడుగున బటన్ మీద ఉన్నాయి. ఫోన్ తెర మీద పైభాగం కనిపించదు కదా. నాలుగైదు సార్లు నొక్కి, "నెట్ సరిగా లేనట్టుంది, తర్వాత చేస్తాలెండి" అని ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆయన ఇబ్బంది పడిన ఆ కాసేపూ మా రిపోర్ట్‌లో మంచి విజిట్‌గానే ఎక్కింది. అలా ఎందరు వెనక్కి వెళ్లిపోయారో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఫారం మొదలుపెట్టినవాళ్లు ఎందరు, పూర్తి చేసినవాళ్లు ఎందరు, మిగిలినవాళ్లు ఏ గడి దగ్గర ఆగిపోయారు అన్నవి మొదటి నుంచీ విడివిడిగా లెక్క పెట్టుకుని ఉంటే ఇది ముందే బయటపడేది. ఈ పని చేసిపెట్టగల టూల్స్ చాలా ఉన్నాయి. మేం అడగలేదు, అంతే. విజిట్ల గ్రాఫ్ పైకి పోతుంటే ఇంకేం చూడాలనిపించదు.

ఇక ఆ విజిట్ల సంగతి. ఒకే సైట్, ఒకే రోజు, మూడు టూల్స్ పెడితే మూడు అంకెలు వస్తాయి. ఏ టూలూ అబద్ధం చెప్పదు, ఒక్కో టూల్ లెక్క ఒక్కో రకం. గూగుల్ అనలిటిక్స్‌లో 30 నిమిషాలు ఏ కదలికా లేకపోతే సెషన్ ముగిసినట్టే. పేజీ తెరిచి ఉంచి ఎవరితోనో ఫోన్ మాట్లాడి వచ్చినవాళ్లు రెండో విజిట్ అవుతారు. వచ్చిన మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి ఇలాంటి టూల్స్ బ్రౌజర్‌లో కుకీలనే చిన్న గుర్తులు పెడతాయి. ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్ 2019 నుంచి వాటి స్క్రిప్టులు పెట్టే కుకీలను 7 రోజులకు మించి ఉంచడం లేదు. అందుకని వారం దాటి వచ్చిన పాత మనిషి కొత్త మనిషి అయిపోతారు. ప్లాజిబుల్ లాంటి టూల్ అసలు కుకీలే పెట్టదు, వచ్చినవాళ్లను గుర్తుపట్టే సంకేతాన్ని రోజూ మార్చేస్తుంది. నిన్న వచ్చి ఇవాళ మళ్లీ వస్తే ఇద్దరు. ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్లు చాలా టూల్స్‌కు కనబడనే కనబడరు. అలాగని సర్వర్ లాగ్, అంటే సర్వర్ తనకు వచ్చిన ప్రతి అభ్యర్థననూ రాసుకునే చిట్టా, చదివే ఏడబ్ల్యూస్టాట్స్ వంటివి వాడితే, వాళ్లతో పాటు మనుషులు కాని బాట్లు, అంటే తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు, కూడా కొన్ని లెక్కలోకి వచ్చి పడతాయి. కాబట్టి "ఇన్ని లక్షల మంది" అని రాసిన చోట ఆ 'మంది' అన్న మాటే తప్పు కావచ్చు.

మరి టూల్‌ను ఎలా ఎంచుకోవాలి? మా అనుభవంలో అన్నిటికన్నా ఉపయోగపడిన పద్ధతి చాలా మామూలుది. రెండు టూల్స్‌ను ఒక నెలపాటు పక్కపక్కనే నడిపి, రెండిటినీ మా సొంత రిజిస్టర్‌తో సరిచూశాం. అంకెలు అచ్చంగా కలవాలని పట్టుబట్టలేదు. తేడా ఏ వారం చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటే ఆ టూల్‌ను నమ్మవచ్చు. ఒక వారం తక్కువ, ఒక వారం బోలెడంత ఉంటే ఎక్కడో ఏదో తేడా కొడుతోందని అర్థం. ఫీచర్ల జాబితాలు, డెమోలు చూసి తెలుసుకోలేనిది ఆ నెలలో తెలిసింది.

పాత లెక్కలు మన చేతిలో ఉంటాయా అన్నది కూడా చూడాలి. గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి మామూలు ఖాతాల కొత్త లెక్కలు తీసుకోవడం ఆపేసింది. సరిగ్గా ఏడాదికి, 2024 జూలై 1 నుంచి, పాత రిపోర్టులు కూడా తీసేయడం మొదలైంది. ఏళ్ల తరబడి పోగైన సమాచారాన్ని ముందే దింపుకోనివాళ్లకు ఏమీ మిగల్లేదు. మేం నెలవారీ అంకెలు స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుంటూ వచ్చాం కాబట్టి బతికిపోయాం.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, వచ్చినవాళ్ల వివరాలు ఎక్కడికి పోతున్నాయన్నది. మా సైట్‌లో రక్తానికి సంబంధించిన జబ్బుల గురించి పేజీలున్నాయి. ఫలానా జబ్బు పేజీ ఎవరో తెరిచారన్న సంగతి ఇంకో కంపెనీకి ఎందుకు తెలియాలి? ఇది ఊరికే భయం కాదు. మందుల ధరల్లో తగ్గింపు ఇప్పించే గుడ్‌ఆర్‌ఎక్స్ అనే అమెరికా సంస్థ, వాడుకునేవాళ్ల ఆరోగ్య సమాచారాన్ని ఫేస్‌బుక్, గూగుల్ వంటి కంపెనీలకు చేరవేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 ఫిబ్రవరిలో ఆరోపించింది. తప్పు చేశామని ఒప్పుకోకుండానే ఆ సంస్థ 15 లక్షల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. అంతకుముందు, 2022 మొదట్లో, గూగుల్ అనలిటిక్స్ ద్వారా సమాచారం అమెరికాకు వెళ్తున్న తీరు యూరప్ చట్టానికి విరుద్ధమని ఆస్ట్రియా, ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థలు ఒకదాని వెంట ఒకటి తేల్చాయి. 2023 జూలైలో యూరప్, అమెరికాల మధ్య సమాచారం పంపుకోవడానికి కొత్త ఏర్పాటు వచ్చి అక్కడ చట్టం చిక్కు కొంత సడలింది. రోగి సమాచారం పట్ల మన బాధ్యత మాత్రం దానితో తీరిపోలేదు.

జనం తెర మీద ఏం నొక్కుతున్నారో వీడియోలా రికార్డు చేసి చూపించే టూల్స్ కూడా ఉన్నాయి. మా ఫారం లోపం అలాంటి దానితో ఒక్క రోజులో దొరికేది, ఒప్పుకుంటాను. కానీ అలాంటి టూల్స్ వల్ల ఫారంలో టైప్ చేసింది పంపకముందే బయటి కంపెనీలకు చేరుతున్న సైట్లను 2017లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బయటపెట్టారు. దాతలు మా ఫారంలో పాత జబ్బుల వివరాలు కూడా రాస్తారు. అందుకే వద్దనుకున్నాం. దాని బదులు కొందరిని పిలిచి పక్కన కూర్చుని ఫారం నింపించాం. టైమ్ పట్టింది, అయినా పని జరిగింది.

చివరికి మేం 2018 దాకా పివిక్ అన్న పేరుతో ఉన్న మటోమో అనే అనలిటిక్స్ టూల్‌ను మా సొంత సర్వర్‌లోనే నడుపుకుంటున్నాం. అందరికీ ఇదే మంచిదని అనను. సర్వర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి లేకపోతే ఇదే పెద్ద ప్రమాదం. అలాంటి వసతి లేని చిన్న సంస్థకు ప్లాజిబుల్ లాంటిది చాలు. వచ్చినవాళ్లే మళ్లీ వస్తున్నారా అన్నది దానితో తెలియదని ముందే తెలుసుకుంటే సరిపోతుంది.

అమెరికా ప్రభుత్వం తన వెబ్‌సైట్ల విజిట్లను 2015 నుంచి అందరూ చూసేలా ఒకేచోట పెడుతోంది. అది మంచి పని. ప్రజాసేవ సైట్లు నడిపే ప్రతి సంస్థా అంతకన్నా ఒక అడుగు ముందుకేసి, పని మొదలుపెట్టినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు, ఏ టూల్‌తో లెక్క తీశారు అన్నవి ప్రతి నెలా బయటపెట్టాలని నా కోరిక. పూర్తి చేసినవాళ్ల అంకె మాత్రం టూల్ నుంచి కాకుండా సంస్థ సొంత రికార్డు నుంచి తీసుకోవాలి. మేం ఈ ఏడాది నివేదిక నుంచి అలాగే వేస్తున్నాం. గతంలో వేసిన తప్పు అంకెను కూడా సరిదిద్ది అందులోనే ప్రకటిస్తున్నాం.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఈసారి ఎవరైనా విజిట్ల అంకె చేతికిస్తే, "వీళ్లలో ఎందరి పని అయింది?" అని అడగండి. జవాబు వస్తే రెండు అంకెలూ పక్కపక్కనే వేయండి. రాకపోతే, అడిగాం, చెప్పలేదు అని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
రక్తదాతల సంస్థ వాలంటీర్