అద్దం పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దావిడకి

అందరికీ నమస్కారం. రాత్రి పన్నెండు దాటింది. స్నానం చేసొచ్చి కూర్చున్నా గోళ్ళల్లో ఆ సమాధి మట్టి ఇంకా పోలేదు. రేపు రాద్దామంటే మాటలు ఇలా రావు.

మా మామగారు పోయి ఏడాది. పిట్స్‌బర్గ్‌లోనే పుట్టి పెరిగిన అమెరికన్. తర్పణంలో మూడు తరాల పేర్లు చెప్పుకునే ఇంట్లో పెరిగాను నేను. మా ఆయన ముత్తాతది ఏ ఊరో ఎవరికీ తెలియదంటే మొదటినుంచీ మనసుకి వెలితిగానే ఉండేది. బొగ్గు గనిలో కూలీ, 1918 ఫ్లూలో పోయారు, అంతే తెలుసు. జనాభా లెక్కల్లో ‘ఆస్ట్రియా’ అని రాశారు. మరణ ధ్రువపత్రంలో ‘స్లావిష్’ అన్నారు. ఇంట్లోవాళ్ళేమో రష్యన్లం అనుకున్నారు. మామగారికి మాత్రం వాళ్ళ నానమ్మ మాట ఒకటి గుర్తుండేది. మనది ఏ భాష అని అడిగితే ‘పో నాషోము’ అనేదట.

మొనొంగహేలా నది ఒడ్డున చిన్న ఊరు. అక్కడ మూతపడ్డ గ్రీక్ కాథలిక్ (పోప్ కిందే ఉన్నా తూర్పు పద్ధతిలో పూజలు చేసే) చర్చి సమాధుల పుస్తకం ఒక పెద్దావిడ ఇంట్లో బీరువాలో ఉంది. ఎనభై దాటాయి. ఫోన్లో నేను ‘పో నాషోము’ అనగానే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ‘మన మాటలో’ అని దానర్థం, మా అమ్మా అదే అనేది, మీవాళ్ళు రుసిన్లు, రేపే రండి అన్నారు.

కార్పాతియన్ కొండల్లో వాళ్ళ ఊళ్ళు. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ ఏలుబడి. తమకంటూ దేశం లేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్ళు రాసేశారు. ఉత్తరాదిన మనందరినీ మద్రాసీలు అన్నట్టే.

పుస్తకంలో పేరుంది, సమాధి నంబరు లేదు. మోకాళ్ళ నొప్పితోనే ఆవిడ మాతో వరసలన్నీ తిరిగారు. మూడు అడ్డకమ్మీల శిలువ, కింది కమ్మీ ఏటవాలుగా ఉన్న ఒక రాయి దగ్గర ఆగి, సబ్బు వద్దని వట్టి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడిగారు. ఇంటినుంచి తెచ్చిన నిలువుటద్దం పట్టుకుని ఎండని పక్కనుంచి రాయిమీదకి తిప్పారు. అక్షరాలు లేచి నిలబడ్డాయి! ఇంగ్లీషు ‘పి’లా కనబడేది వాళ్ళ ‘ర’, ‘హెచ్’లా ఉన్నది ‘న’. ఒక్కో అక్షరం నాచేత పలికించారు.

తేదీ మాత్రం కలవలేదు. పత్రంలో అక్టోబర్ 22, రాయిమీద అక్టోబర్ 9. వేరే మనిషేమో అని నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ నవ్వి, మా చర్చి వాడిన పాత క్యాలెండరు పదమూడు రోజులు వెనక అన్నారు. 1907 డిసెంబర్ 19న ఈ చుట్టుపక్కలే డార్ గని పేలి 239 మంది పోయారు. పాత లెక్కన ఆ రోజు సెయింట్ నికొలస్ పండగ. పనికి వెళ్ళకుండా చర్చికి వెళ్ళిన రుసిన్లు బతికారు. ఆ తేదీ తేడాయే మీవాళ్ళెవరో చెబుతోంది అన్నారు. పుస్తకంలో ఊరు కూడా ఉంది: జెంప్లేన్ జిల్లా, ఇప్పటి స్లొవేకియాలో మెజిలాబోర్త్సే దగ్గర.

ఈస్టర్ తర్వాత ఫాదర్ సమాధులు దీవించే రోజున, పేరు తెలియకపోయినా ఈ రాయి దగ్గర కూడా ఆగేవాళ్ళమని చెప్పారు. ఇన్నేళ్ళూ! అక్కడే కూలబడి ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, చనిపోయినవాళ్ళకి వాళ్ళు పాడే ప్రార్థన సన్నగా పాడారు. డబ్బులిస్తే ముట్టుకోలేదు. అమ్మా, మీ పాదాలకి నమస్కారం.

కోపమూ ఉంది, దాచుకోను. ఆ ధ్రువపత్రం దొరక్కముందు, దానికోసం అడిగితే ఒక ఆఫీసు రెండుసార్లు ఫీజు తీసుకుని ‘అలాంటి వ్యక్తి లేరు’ అని రాసింది. స్పెల్లింగ్ మార్చి చూడండి అంటే కుదరదన్నారు. పెన్సిల్వేనియాలో రాష్ట్రం మొత్తానికీ మరణాలు నమోదు చెయ్యడం మొదలైందే 1906లో. అంతకుముందు పోయినవాళ్ళకి చర్చి పుస్తకాలే దిక్కు. అవి ఇలా ఒక ముసలావిడ బీరువాలో ఉంటే, ఆవిడ తర్వాత ఎవరు చూస్తారు?

మా ఆయన కారు నడిపారు, అత్తగారు పాపని చూసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, లైబ్రరీలో మైక్రోఫిల్మ్ మెషిన్ దగ్గర సాయంత్రం వరకూ కూర్చున్న అమ్మాయికి థాంక్స్. ఫొటోలో అక్షరాలు చదివిపెట్టిన ఉక్రెయిన్ స్నేహితుడికి కూడా. పులిహోర కట్టిచ్చిన పెన్ హిల్స్ గుడి వంటావిడకి, అందులో సగం ఆ పెద్దావిడకీ పెట్టాను. ఇంకా, అడక్కుండానే బకెట్‌తో నీళ్ళు మోసుకొచ్చిన ఆ పక్కింటి కుర్రాడికి, పేరు అడగడం మర్చిపోయాను బాబూ.