ఏడో సంతకం

తెనాలి,
18 నవంబరు 2015

చిరంజీవి బుజ్జికి, నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం తెలిసి నేటికి ఇరవై నాలుగు రోజులైంది.

ఫోను చేస్తే మెసేజీ చెప్పమంటోంది. ఆ బీప్ శబ్దం వినేసరికి నాకు మాట తోచదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీపావళి నాడు మీ అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని పొద్దుపోయేదాకా అరుగు మీదే కూర్చుంది. ప్రమిదలు రాజ్యం పిన్ని వచ్చి వెలిగించింది. నీకు ఆఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పాను. అవునో కాదో నాకు తెలియదు.

దసరా నాడు ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన అయింది కదా, అప్పటినుంచి బాబాయికి పొలం రేటు తప్ప వేరే మాట లేదు. కార్తీకమాసం వచ్చింది, మీ అమ్మ ఆ మోకాలితోనే తెల్లవారుజామున కాలవ స్నానానికి వెళ్తానంటోంది. నేను వద్దంటే వినదు, నువ్వు చెప్తే వింటుంది. చంటికి జ్వరం తగ్గింది. పెరట్లో గోంగూర బాగా వచ్చింది.

ఫోటో సంగతి కూడా రాస్తాను. రాజ్యం పిన్ని కోడలు షుగర్‌ల్యాండ్ నుంచి వాట్సాప్‌లో పంపింది. ఈ నెల మీ హ్యూస్టన్‌లో ఓటుకు పెట్టిన ఒకటో నంబరు ప్రతిపాదనకు అవును అనమని రాసి ఉన్న బోర్డు నీ చేతిలో ఉంది. పక్కన పొట్టి జుట్టు అమ్మాయి నీకు గొడుగు పట్టింది. పెళ్లి కావలసిన పిల్లకు ఇదేం పని అని కింద ఎవరో రాశారు. అది మీ అమ్మకు చూపించలేదు. చంటి ఫోనులో పెద్దది చేసి చూశాను. మామ్మ దుద్దులు పెట్టుకున్నావు. చెంపలు లోపలికి పోయాయి. వానలో స్వెట్టరు లేదు. మేలో ఆ ఊళ్లో వరద వచ్చినప్పుడే కదా నీకు దగ్గు పట్టుకుంది, డాక్టరుకు మళ్లీ చూపించావా?

నువ్వు పోయిన నెల 25న ఫోనులో ఒక మాట అడిగావు. "నీకు ఇక్కడ ఓటుంటే ఎటు వేసేవాడివి నాన్నా?" అని. నేను "మనకెందుకమ్మా, వాళ్ల ఊరి తగువు" అన్నాను. "సరే నాన్నా" అని పెట్టేశావు. ఆ "సరే" ఎలాంటిదో నాకు తెలుసు. ఇంటర్‌లో బైపీసీ వద్దన్నప్పుడూ అలాగే అన్నావు.

బుజ్జీ, మునిసిపాలిటీల్లో ముప్పై నాలుగేళ్లు కౌన్సిల్ ఫైళ్లు చూసినవాణ్ణి. అజెండా, తీర్మానం, అభ్యంతరాలు, వీటి సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. నువ్వు చెప్పినవీ చంటి చదివి వినిపించినవీ కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇదీ. నిరుడు మే 28న హ్యూస్టన్ కౌన్సిల్ అవునని 11, కాదని 6 ఓట్లతో ఆ ఆర్డినెన్స్ చేసింది. ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, దుకాణంలో మనిషిని తీసిపారేయకూడదని పదిహేను కారణాలు రాసింది. రంగు, జాతి, మతం, వయసు, గర్భం, సైన్యంలో పనిచేయడం, వాటితోపాటు నువ్వు చెప్పినవి, గే అయినా ట్రాన్స్‌జెండర్ అయినా. తప్పు చేసినవాడికి అయిదు వేల డాలర్ల దాకా జరిమానా. ప్లీడరుకు డబ్బు పోయలేని మనిషి ఊరి ఆఫీసుకే వెళ్లి ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు. స్థానిక సంస్థ చేయవలసిన పని సరిగ్గా అదే. దాని మీద సంతకాలు సేకరించి, టెక్సాస్ సుప్రీంకోర్టు దాకా లాగి, ఈ నెల 3న ఆ ఒకటో నంబరు ప్రతిపాదనగా ఓటుకు పెట్టి, 61 శాతంతో పడగొట్టారు. ఉద్యోగాల గురించిన కాగితాన్ని ఆడవాళ్ల మరుగుదొడ్ల గురించిన కాగితంగా మార్చి చూపించారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఎందుకొచ్చిందో నీకు చెప్పాలి, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నువ్వు పుట్టిన ఏడు మేముండే ఊరు గుర్తుండదు నీకు. దాని పేరు రాయను. మా ఆఫీసుకు టెంపరరీ మీద ఒక టైపిస్టు వచ్చాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. నడక, చేతులు తిప్పడం, గొంతు, అంతా ఆడపిల్లలా ఉండేది. వచ్చిన వారానికే "ఆడంగి" అని పేరు పెట్టారు. స్టెన్సిల్ కోస్తే ఒక్క తప్పు ఉండేది కాదు. ఎప్పుడైనా పడితే దిద్దడానికి ఎర్రటి ద్రవం ఉండేది చిన్న సీసాలో, గోళ్లరంగు వాసన వచ్చేది. అది అతని వేలికి అంటుకుంటే "గోళ్లకు రంగు వేసుకొచ్చాడు" అని బిల్లు కలెక్టరు దగ్గర్నుంచి అటెండరు దాకా నవ్వేవాళ్లు. అతను చేతిరుమాలుతో వేలు తుడుచుకుని మళ్లీ టైపు కొట్టేవాడు. ఓటర్ల జాబితాల రోజుల్లో రాత్రి పదింటిదాకా మాతో కూర్చున్నాడు. కిరోసిన్ దీపం వెలుగులో కూడా వరస తప్పేది కాదు.

నీ జనన పత్రం ఇంగ్లీషు నకలు టైపు చేసింది అతనే. నేను అడగకుండానే రెండు కార్బన్లు పెట్టి మూడు కాపీలు కొట్టాడు. "ఆడపిల్లకు కాగితాలు గట్టిగా ఉండాలండీ" అన్నాడు. నువ్వు పాస్‌పోర్టుకు పెట్టింది అందులో ఒకటి.

మరుసటి ఏడు మేనేజరు ఒక అర్జీ రాయించాడు. ఫలానా టైపిస్టు ప్రవర్తన వల్ల ఆఫీసు పరువు పోతోంది, మహిళా సిబ్బందికి ఇబ్బందిగా ఉంది అని. ఆఫీసులో ఉన్న ఆడమనిషి ఒక్కతే, ఆరోగ్య విభాగం గుమాస్తా. ఆవిడ రోజూ అతనితోనే అన్నం తినేది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. పదకొండు మంది సంతకాలు చేశారు. ఏడోది నాది. అప్పుడు నా ప్రమోషను ఫైలు పైన ఉంది. నువ్వు అప్పటికి అడుగులు వేస్తున్నావు. ఇవి కారణాలు కావు, అప్పటి సంగతులు రాస్తున్నాను, అంతే.

అతనికి ఉత్తర్వు కూడా ఇవ్వలేదు. ఒకటో తారీకున కొత్త అటెండెన్స్ రిజిస్టరులో అతని పేరు రాయలేదు, అంతే. పొద్దున వచ్చి పెన్ను తీసి, పేజీ పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ పైనుంచి చూశాడు. పెన్నుకు క్యాపు పెట్టుకున్నాడు. నా బల్ల ముందు నుంచే వెళ్లాలి బయటికి. "పాప బాగుందా అండీ?" అన్నాడు. నేను తల ఊపాను. ఆ తర్వాత అతనేమయ్యాడో నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

అందుకే నీ ప్రశ్నకు "మనకెందుకు" అన్నాను తల్లీ. వేరే ఏమన్నా అంటే ఇదంతా చెప్పాల్సి వచ్చేది.

వచ్చేయమని కూడా అన్నాను ఆ రోజు. తర్వాత ఆలోచించాను. ఇక్కడ మాత్రం ఏముంది? 2013 డిసెంబరులో మన సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలు నేరమనే 377 సెక్షన్ మళ్లీ నిలబెట్టింది. ట్రాన్స్‌జెండర్లకు నిరుడు ఏప్రిల్‌లో మంచి తీర్పు ఇచ్చింది గానీ, మిగతావాళ్లకు ఉద్యోగం మాట దేవుడెరుగు, అసలు నేరమే. కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అక్కడి సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. టెక్సాస్‌లో కారణం చెప్పకుండానే తీసేయవచ్చట కదా. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది, అది పోతే రెండూ ఒకే రోజు పోతాయి. డాలస్‌లో ఇలాంటి చట్టం 2002 నుంచి ఉందని, ప్లేనోలో కూడా నిరుడు డిసెంబరులో చేశారని చంటి చూసి చెప్పాడు. అటువైపు ఉద్యోగం చూసుకోకూడదా? పెదనాన్న వాళ్ల సుధక్క ఉంది, వంట బాధ ఉండదు. నీ ఇష్టం. కానీ ఇవి మాత్రం విను. ఆఫీసులో ఎవరేమన్నా తారీకు వేసి రాసి పెట్టుకో. నోటిమాటగా రాజీనామా ఇమ్మంటే ఇవ్వకు, కాగితం మీద అడగమను. మంచి పని చేశావని మెచ్చుకున్న ఈమెయిళ్లు ఇంటి కంప్యూటరులో దాచుకో. వీసా మంజూరు కాగితం ఐ-797, జీతం స్లిప్పులు జిరాక్సు తీసి ఒక సెట్టు నాకు పంపు. ఫోటోల్లో నిలబడవద్దని చెప్పను. నిలబడేటప్పుడు స్వెట్టరు వేసుకో.

ఓటుంటే అవుననే వేసేవాణ్ణి. ఇది నువ్వు అడిగినందుకు చెప్తున్న మాట కాదు, ఇరవై ఏడేళ్ల కిందట చెప్పాల్సిన మాట.

రాజ్యం పిన్నికి నేను చెప్పుకుంటాను, నువ్వు ఆ వాట్సాప్‌లో జవాబులు రాయకు. మీ అమ్మకు ఫోటో రేపు చూపిస్తాను. తనకు నాకంటే ముందే ఏదో తెలుసనిపిస్తోంది. నిన్న గోంగూర పచ్చడి జాడీలకు ఎత్తుతూ, ఆ గొడుగు పిల్ల కారం తింటుందా అని అడిగింది. ఫోటో సంగతి నేను చెప్పనే లేదు, చంటి పనే అయి ఉంటుంది. నాకు తెలియదన్నాను. కారం తగ్గించి వేరే సీసాలో పెట్టి మూతకు గుడ్డ కట్టింది. సున్నుండలు రెండు కేజీలు చేసింది. పెర్లాండ్ మీనాక్షి గుడికి వచ్చే మన వీధి వాళ్లబ్బాయి 27న బయల్దేరుతున్నాడు, అతని చేత పంపుతాం. గుడి దగ్గరికి వెళ్లి తీసుకో, రాత్రిపూట డ్రైవింగ్ వద్దు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోను దగ్గరే ఉంటాను. నీకది శనివారం రాత్రి ఏడున్నర అవుతుంది. అన్నం తిని చెయ్యి.

మీ నాన్న