గోల్ఫ్ నేర్పడం నేర్పిన నా పెద్దలకు

అందరికీ నమస్కారం. నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా కోచింగ్ సర్టిఫికెట్ చేతికొచ్చిందని చెప్పినప్పటి నుంచి అభినందనలు వస్తూనే ఉన్నాయి. చాలా సంతోషం. కానీ వాటిలో ఎక్కువ వాటా హైదరాబాద్‌లో నేను పనిచేస్తున్న డ్రైవింగ్ రేంజ్‌లోని (గోల్ఫ్ బంతులు కొట్టి సాధన చేసే చోటు) ముగ్గురు కోచ్‌లది. పేర్లు పెట్టొద్దన్నారు, వాళ్ల మాట కాదనలేను.

మా దగ్గర కోచ్‌లకు క్లాసుల లెక్కన డబ్బులొస్తాయి. ఒక్కో స్టూడెంట్ అంటే వాళ్ల ఇల్లు గడిచే దారి. అలాంటిది కొత్తగా వచ్చిన నన్ను తమ క్లాసుల్లో పక్కన నిలబెట్టుకున్నారు, తమ స్టూడెంట్లకు నా చేత చెప్పించారు. ఇవాళ కొందరు నన్నే అడిగి వస్తున్నారంటే, ఆ ముగ్గురూ ఏం వదులుకున్నారో నాకు బాగా తెలుసు.

ముందు మా సీనియర్ సర్. ఒకరోజు ఒకాయన వచ్చారు, డ్రైవర్‌తో, అంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్‌తో (గోల్ఫ్ కర్ర), కొట్టిన ప్రతి బంతీ కుడివైపు వంపు తిరిగి వెళ్లిపోతోంది. గ్రిప్, భుజాలు, నడుము... చెప్పాలంటే ఎన్నైనా ఉన్నాయి. సర్ ఏమీ అనలేదు. వైట్‌బోర్డు మార్కర్ తీసి బంతి మీద ఒక చుక్క పెట్టి, ఆ చుక్క క్లబ్ వైపుకు తిప్పి టీ మీద (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) ఉంచారు. కొట్టాక క్లబ్ ముఖం చూస్తే చుక్క హీల్ దగ్గర, అంటే క్లబ్ తల కర్రకు (షాఫ్ట్) కలిసే చోటి పక్కనే అంటుకుని ఉంది. డ్రైవర్‌లో అక్కడ తగిలితే బంతికి కుడివైపు తిప్పే స్పిన్ వచ్చేస్తుంది. బంతికి అవతల, క్లబ్ కొసకు కాస్త ఎడంగా హెడ్ కవర్ (క్లబ్ తలకు తొడిగే తొడుగు) పెట్టి, "దానికి తగలకుండా కొట్టండి సర్" అన్నారు. అంతే! నాలుగైదు షాట్లకే వంపు సగానికి తగ్గింది. ఆయన స్వింగ్ (క్లబ్ ఊపే తీరు) గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

క్లాసు అయ్యాక టీ తాగుతూ సర్ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏం చూశావమ్మా?" ఏం చెప్పావని అడగరు. బంతి ఎటు బయల్దేరింది, ఎటు తిరిగింది, క్లబ్‌కు ఎక్కడ తగిలింది, ఈ మూడూ చెప్పాకే స్వింగ్ మాట ఎత్తనిచ్చేవారు. స్వింగ్ దారిని బట్టే బంతి బయల్దేరుతుందని ఆయన తరం నేర్చుకుంది. బంతి వెళ్లే తీరును కొలిచే రాడార్ మెషీన్లు వచ్చాక, ఎక్కువ భాగం క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్న దాన్ని బట్టే అని తేలింది. అంత అనుభవం ఉండి కూడా తన పాఠం తనే దిద్దుకున్నారు. ఆ పెద్ద మనసుకు నా నమస్కారం.

మేడమ్ దగ్గర పిల్లల క్లాసులు చూశాను. బంతి పడాల్సిన రంధ్రం వెడల్పు 108 మిల్లీమీటర్లు, బంతి 42.67. పిల్లల్ని మొదట ఆ రంధ్రానికి జానెడు దూరంలోనే నిలబెడతారు. బంతి లోపల పడ్డ చప్పుడు వినిపించాకే ఒక్కో అడుగు వెనక్కి. క్లబ్ చేతిలో ఉన్న పిల్లాడు తను నిలబడాల్సిన రింగు దాటకూడదు, మిగతావాళ్లు గీత వెనక ఉండాలి. ఈ ఒక్క విషయంలో మేడమ్ ఎవరి మాటా వినరు. నాన్న పాత క్లబ్ కోసి పిల్లాడి చేతికిస్తే, అది బరువుగా, బిగుసుగా ఉండి వాడి స్వింగ్ ఎలా పాడవుతుందో తండ్రులకు ఓపిగ్గా చెబుతారు. నొప్పించకుండా చెప్పే ఆ తీరు నాకింకా పూర్తిగా పట్టుబడలేదు, చూసి నేర్చుకుంటున్నాను.

ఇక అన్న. కేడీగా, అంటే ఆటగాళ్ల క్లబ్ బ్యాగులు మోస్తూ, ఆట నేర్చుకున్న మనిషి. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ కూడా కేడీల ఇంటి నుంచి వచ్చినవాడేనని చెప్పేటప్పుడు అన్న ముఖం చూడాలి! రేంజ్‌లో పరిచే మ్యాట్ మీద క్లబ్ బంతికి వెనక తగిలినా జారి ముందుకొచ్చేస్తుంది, షాట్ బాగా పడినట్టే ఉంటుంది. గడ్డి మీద అదే షాట్ మట్టిలో దిగబడుతుంది. అందుకే అన్న బంతి వెనక జానెడు దూరంలో మడిచిన టవల్ పరుస్తారు. టవల్ కదిలిందంటే దొరికిపోయినట్టే. ఇప్పుడు నా కిట్‌లో కూడా ఎప్పుడూ ఒక టవల్ ఉంటుంది.

ట్రైనీ అని తెలిసీ నా మాట విని, కొట్టి చూపించిన స్టూడెంట్లందరికీ, పొద్దున్నే బంతులు ఏరి బుట్టలు నింపిపెట్టే రేంజ్ తమ్ముళ్లకూ చాలా థాంక్స్. సర్, మేడమ్, అన్నా, మీ ముగ్గురికీ మా అమ్మానాన్నల తరఫున కూడా నమస్కారాలు.