ఆదివారం నుంచి పెనాల్టీల ప్రాక్టీసు

తమ్ముళ్ళూ, గుణుపురం వాళ్ళతో ఫుట్‌బాల్ మ్యాచ్ డ్రా అయితే ఎక్స్‌ట్రా టైం లేదట, నేరుగా షూటౌటే (పెనాల్టీ కిక్కులతో తేల్చుకోవడమే), అందుకే ఈ ఆదివారం నుంచి మన పర్లాకిమిడి గ్రౌండులో ప్రాక్టీసు చివర, అందరూ బాగా అలిసిపోయాకే, పెనాల్టీలు కొట్టిస్తాను. ఒంట్లో ఓపికున్నప్పుడు ఎవడైనా కొడతాడు. సెంటర్ సర్కిల్ నుంచి ఒక్కరే నడిచి రావాలి, మిగతావాళ్ళు గోల చెయ్యాలి, మనిషికి ఒక్కటే కిక్కు, "ఇంకోటి కొడతానన్నా" అంటే కుదరదు. అప్పటి స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే 2022 వరల్డ్ కప్‌కి ఏడాది ముందే ఆటగాళ్ళని వెయ్యి పెనాల్టీలు కొట్టి రమ్మన్నాడు, తీరా మొరాకోతో షూటౌట్‌లో ఒక్కటీ పడలేదు, 3-0తో ఇంటికెళ్ళారు. టెన్షన్ లేకుండా ఎన్ని కొట్టినా అంతే అని నా అభిప్రాయం.

ఏ మూలకో బంతి పెట్టకముందే అనుకోండి, మధ్యలో మార్చొద్దు. విజిల్ వినగానే ఉరకక్కర్లేదు, ఊపిరి పీల్చుకుని కదలండి. పరుగులో తడబాటు నటించొచ్చు గానీ, బంతి దగ్గరికొచ్చి కొట్టినట్టు చేసి ఆగితే పసుపు కార్డు, ఆ కిక్కూ పోయినట్టే.

గోలీలూ (గోల్‌కీపర్లూ), బంతి తన్నే క్షణానికి ఒక పాదం కొంతైనా గోల్ గీత మీద గానీ వెనక గానీ ఉండాలి. 2006లో జర్మనీ గోలీ లేమన్ అర్జెంటీనా వాళ్ళు ఎటు కొడతారో చీటీ మేజోడులో పెట్టుకున్నాడు. గుణుపురం వాళ్ళ ఆట చూసినవాళ్ళు, ఎవడు ఎటు కొడతాడో నాకు విడిగా పంపండి, గ్రూపులో వద్దు, వాళ్ళ చుట్టాలు ఇక్కడే ఉన్నారు.

తెలుగు చదవలేని మన ఒడియా కుర్రాళ్ళకి ఎవరైనా ఫోన్ చేసి చెప్పండి.